ముస్తఫా కెమాల్ అతాతుర్క్: సైనికాధికారి, రాజ్యనిర్మాత – హైదరాబాదు రాజ్యముతోను, ఆసియ సంఘములతోను అతని చరిత్రకున్న సంబంధము

ఉపోద్ఘాతము

మన వేదాంత కళాశాలలలో సంఘ చరిత్ర బోధించేటప్పుడు చిన్న ఆసియ దేశమునకు మొదటి స్థానము లభిస్తుంది. పౌలు ప్రయాణములు, ప్రకటన గ్రంథములోని ఏడు సంఘములు, పొలికార్పు హతసాక్ష్యము, నీకయ మహాసభ, కప్పదొకయ పితరులు – ఇంతవరకు విద్యార్థి శ్రద్ధగా చదువుతాడు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమైనది అనే వాక్యముతో ఆ అధ్యాయము ముగుస్తుంది. ఆ తరువాత అక్కడి క్రైస్తవులు ఏమైపోయారు అనే ప్రశ్న తరగతి గదిలో అరుదుగా వినిపిస్తుంది. నిజానికి వారు ఆ తరువాత మరి నాలుగు వందల డెబ్బది సంవత్సరములు ఆ దేశములోనే జీవించారు. వారిలో అత్యధికులు ఆ నేలను విడిచిన కాలము 1915 – 1923 మధ్య కాలము. ఆ కాలములోనే, ఆ శిథిలముల మీదనే, ఒక సైనికాధికారి క్రొత్త రాజ్యమును నిర్మించాడు. అతడే ముస్తఫా కెమాల్. 1934 నుండి అతడు అతాతుర్క్ అని పిలువబడ్డాడు.

తెలంగాణ ప్రాంత కాపరులు ఇతని జీవితమును తెలిసికొనుటకు మరొక కారణమున్నది. ముస్తాబాదు, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములన్నీ 1948 వరకు నిజాం రాజ్యములో, కరీంనగరు జిల్లాలో ఉండేవి. ముస్తఫా కెమాల్ 1924లో దేశమునుండి వెళ్లగొట్టిన చివరి ఖలీఫాను ఆదుకొన్నది ఆ నిజామే. ఆ ఖలీఫా కుమార్తె హైదరాబాదుకు కోడలుగా వచ్చింది. నేటికీ మన సంఘములలోని తల్లులు జబ్బుపడిన బిడ్డలను ఎత్తుకొని పరుగెత్తే నీలోఫర్ ఆసుపత్రి పేరు ఆ ఉస్మానియా రాజకుటుంబపు ఆడపడుచు పేరే.

ఈ వ్యాసములో మూడు విషయములు పరిశీలించ ప్రయత్నిస్తున్నాను. మొదటిది, ఒక సైనికుడు రాజకీయ నాయకుడుగా మారిన విధము. రెండవది, అతని నిర్ణయములు హైదరాబాదు రాజ్యమును తాకిన తీరు. మూడవది, ఆసియ సంఘముల అంతమును గూర్చి మన ప్రసంగ వేదికలమీద చెప్పబడుతున్న మాటలు చరిత్ర ఎదుట నిలుస్తాయా అనే ప్రశ్న.

1. బాల్యము, సైనిక విద్య

ముస్తఫా 1881లో సలోనికా పట్టణములో జన్మించాడు. ఇది మన బైబిలులోని థెస్సలొనీకయే. అప్పుడది ఉస్మానియా సామ్రాజ్యములోనిది. తురుష్కులు, గ్రీకులు, బల్గేరియనులు, అన్నిటికంటె ఎక్కువగా యూదులు కలిసి నివసించిన రేవు పట్టణమది. తండ్రి అలీ రిజా సుంకపు శాఖలో చిన్న ఉద్యోగి, తరువాత కలప వ్యాపారి. తల్లి జుబేదా భక్తిగల స్త్రీ. కుమారుడు మతపాఠశాలలో చదువవలెనని తల్లి కోరిక, క్రొత్త పద్ధతి పాఠశాలలో చదువవలెనని తండ్రి కోరిక. చివరకు తండ్రి మాటే నెగ్గింది. అయితే ముస్తఫా పసితనములోనే తండ్రి మరణించాడు. ఒక దేశమంతటిని చీల్చబోయే వాదము ఆ ఇంటిలో ముందుగానే మొదలైనది.

బాలుడు సైనిక పాఠశాలలో చేరాడు. అక్కడ గణితములో అతని ప్రతిభ చూచి ఉపాధ్యాయుడొకరు "కెమాల్" అనే రెండవ పేరు పెట్టాడు. పరిపూర్ణత అని దాని అర్థము. 1899లో ఇస్తాంబుల్ సైనిక కళాశాలలో చేరి, 1905లో స్టాఫ్ కెప్టెన్‌గా బయటికి వచ్చాడు. మొదటి నియామకము దమస్కులో. చక్రవర్తి నిరంకుశత్వమును వ్యతిరేకించే యువ అధికారుల రహస్య సంఘములలో అతనికి పాలున్నది. 1908లో యువతుర్కుల విప్లవము వచ్చి రాజ్యాంగము తిరిగి అమలులోనికి వచ్చినప్పుడు మాత్రము అధికారము అతనికి గాక, ఎన్వర్, తలాత్ వంటి వారికి దక్కింది. 1909 నాటికే అతడు ఒక మాట గట్టిగా చెప్పేవాడు: సైన్యములో ఉన్నవాడు రాజకీయములలో ఉండరాదు, రాజకీయము కావలసినవాడు సైనిక దుస్తులు విడువవలెను. ఈ సూత్రమును జ్ఞాపకముంచుకొందము. దీని సంగతి మరల వస్తుంది.

1912లో బాల్కను యుద్ధములో సలోనికా గ్రీసు దేశపు వశమైనది. అతని తల్లి వేలాది ముస్లిము కుటుంబములతో పాటు ఇల్లు విడిచి ఇస్తాంబుల్‌కు శరణార్థిగా వెళ్లింది. పుట్టిన ఊరు పరదేశమైపోయిన అనుభవము ఆ తరము తుర్కు అధికారులలో చాలామందికి ఉన్నది. వారు ఆ తరువాత చేసిన పనులను సమర్థించుటకు కాదు గాని, అర్థము చేసికొనుటకు ఇది అవసరము.

2. గల్లిపోలి నుండి నాబ్లూసు వరకు

1914లో మొదటి ప్రపంచ యుద్ధములో ఉస్మానియా సామ్రాజ్యము జర్మనీ పక్షమున చేరింది. 1915 ఏప్రిల్ 25న బ్రిటీషు, ఫ్రెంచి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దళములు గల్లిపోలి ద్వీపకల్పముమీద దిగినప్పుడు వారిని కొండమీద అడ్డగించిన దళములలో ముఖ్యమైన దానికి లెఫ్టినెంట్ కర్నల్ ముస్తఫా కెమాల్ నాయకుడు. ఆగస్టులో జరిగిన పోరులో ఒక తూటా ముక్క అతని రొమ్మును తాకగా, జేబులోని గడియారము అతని ప్రాణము కాపాడింది. 1916 జనవరి నాటికి శత్రువులు ఆ ద్వీపకల్పమును ఖాళీచేసి వెళ్లారు. అప్పటినుండి అతని పేరు దేశములో మారుమ్రోగింది.

అదే 1915లో, వేరొక చోట, ఇస్తాంబుల్ ప్రభుత్వము ఆర్మేనియా క్రైస్తవులను ఊళ్లనుండి పెరికి సిరియా ఎడారుల వైపు నడిపించింది. లక్షలాది మంది దారిలో చంపబడ్డారు, ఆకలితో చనిపోయారు. సిరియను క్రైస్తవులు కూడ పెక్కుమంది హతులైరి. ఆ ప్రభుత్వములో ముస్తఫా కెమాల్ సభ్యుడు కాడు. అప్పుడతడు గల్లిపోలిలో ఉన్నాడు. అయితే ఆ నేరమునకు బాధ్యులైన అధికారులలో కొందరు తరువాత అతని ఉద్యమములో చేరి పదవులు పొందారు. రెండు సంగతులును నిజమే; ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట చరిత్రకారుని పని కాదు.

ఈ యుద్ధములో హైదరాబాదు పాత్ర మనవారిలో అనేకులకు తెలియదు. ఉస్మానియా సుల్తాను ఖలీఫా హోదాలో ధర్మయుద్ధము ప్రకటించినప్పుడు, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన ప్రజలు బ్రిటీషు ప్రభుత్వమునకు విధేయులై ఉండవలెనని 1914 నవంబరులో ప్రకటించాడు. నిజాము అశ్వదళమైన హైదరాబాదు లాన్సర్లు జోధ్‌పూర్, మైసూరు అశ్వదళములతో కలిసి ఒకే బ్రిగేడుగా ఈజిప్టు, పాలస్తీనా రంగములలో తుర్కులపై పోరాడారు. 1918 సెప్టెంబరులో మెగిద్దో యుద్ధము జరిగింది. ఆ బ్రిగేడులోని జోధ్‌పూర్, మైసూరు దళములు సెప్టెంబరు 23న కర్మెలు కొండ ప్రక్కనున్న హైఫా పట్టణమును పట్టుకొన్నవి. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహములు మూడును ఈ మూడు సంస్థానముల అశ్వికులకు జ్ఞాపక చిహ్నములే. సరిగా ఆ దినములలోనే పూర్వపు షెకెము ప్రక్కనున్న నాబ్లూసులో తుర్కుల ఏడవ సైన్యమునకు అధిపతి ముస్తఫా కెమాల్. అతడు యొర్దాను దాటి దమస్కు మీదుగా అలెప్పో వరకు వెనుదిరిగాడు. కాబట్టి ఖలీఫాకు తరువాత ఆశ్రయదాతయైన నిజాం సైనికులు, ఖలీఫాను తరువాత వెళ్లగొట్టిన సేనాధిపతితో ఒకే రంగములో ఎదురెదురు పక్షములలో నిలిచారు. అప్పుడు ఖలీఫా పక్షమున పోరాడినవాడు కెమాల్. ఖలీఫాకు వ్యతిరేకముగా సైన్యము పంపినవాడు నిజాం. ఆరేండ్లలో పాత్రలు తారుమారయ్యాయి.

3. సైనికుడు రాజకీయ నాయకుడైన విధము

1918 అక్టోబరు 30న తుర్కులు లొంగిపోయారు. విజేతలు రాజధానిలో ప్రవేశించారు. 1919 మే 15న గ్రీకు సైన్యము స్ముర్నలో, అనగా ఇజ్మీరులో దిగింది. నాలుగు దినముల తరువాత, మే 19న, సైన్య తనిఖీ అధికారిగా పంపబడిన ముస్తఫా కెమాల్ నల్లసముద్ర తీరమున సంసూన్ రేవులో దిగాడు. సైన్యములను రద్దు చేయుటకు పంపబడినవాడు వాటిని సమకూర్చుట మొదలుపెట్టాడు. సుల్తాను అతనిని వెనుకకు పిలువగా, 1919 జూలైలో సైనికోద్యోగమునకు రాజీనామా చేశాడు. ఎర్జురూములోను, సివాసులోను ప్రతినిధుల సభలు జరిపాడు. 1920 ఏప్రిల్ 23న అంకారాలో మహాజాతీయసభ సమావేశమైనది. ఇస్తాంబుల్ సైనిక న్యాయస్థానము అతనికి మరణశిక్ష విధించింది.

ఇక్కడ గమనింపదగిన సంగతి ఒకటున్నది. అతని చేతిలో తుపాకులున్నను, అతడు తన అధికారమునకు ఆధారముగా చూపినది తుపాకిని కాదు, ఎన్నుకొనబడిన సభను. అయితే ఆ సభ మొదటి సమావేశము శుక్రవారపు నమాజుతోను, ఖురాను పఠనముతోను, ఖలీఫాను శత్రువుల చెరనుండి విడిపించెదమనే ప్రతిజ్ఞతోను ప్రారంభమైనది. నాలుగు సంవత్సరములలో అదే సభ చేత అతడు ఖలీఫా పదవిని రద్దుచేయించాడు. ప్రజల మతభావమును అవసరమున్నంతవరకు వాడుకొని, తరువాత దానిని అదుపులో పెట్టు రాజనీతి అతని జీవితమంతటను కనిపిస్తుంది.

1921లో సకార్యా నదీతీరమున 22 దినములు జరిగిన యుద్ధములో గ్రీకుల ముందడుగు ఆగిపోయింది. సభ అతనికి మార్షల్ హోదాను, గాజీ అనే బిరుదును ఇచ్చింది. 1922 ఆగస్టు 26న మొదలైన ఎదురుదాడి గ్రీకు సైన్యమును సముద్రము వరకు తరిమింది.

4. స్ముర్న అగ్ని, జనుల మార్పిడి

వెనుదిరిగిన గ్రీకు సైన్యము దారిలోని తుర్కు గ్రామములను, పట్టణములను కాల్చివేసింది. ప్రకటన గ్రంథములోని ఫిలదెల్ఫియ, నేటి అలాషెహిర్, ఆ విధముగా దగ్ధమైన పట్టణములలో ఒకటి. సెప్టెంబరు 9న తుర్కు అశ్వదళము స్ముర్నలో ప్రవేశించింది. ఆ పట్టణపు గ్రీకు బిషప్పు క్రిసోస్తొము మూకచేతికి అప్పగింపబడి హతుడయ్యాడు. 13వ తేదీన లేచిన అగ్ని ఆర్మేనియా, గ్రీకు పేటలను తుడిచివేసింది. లక్షలాది మంది నడిరేవులో ఒక ప్రక్క మంట, మరొక ప్రక్క సముద్రము మధ్య నిలిచిపోయారు. పొలికార్పు హతసాక్షియైన పట్టణములో క్రైస్తవ సమాజము ఆ విధముగా ముగిసింది.

1923 జనవరి 30న లోసాన్‌లో గ్రీసు, టర్కీలు ఒక ఒడంబడిక చేసికొన్నాయి. టర్కీలోని ఆర్థొడాక్సు క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లిములు టర్కీకి తప్పనిసరిగా వెళ్లిపోవలెను. ఇస్తాంబుల్ గ్రీకులకు, పశ్చిమ థ్రేసు ముస్లిములకు మాత్రమే మినహాయింపు. అంతకు ముందే పారిపోయినవారితో కలిపి సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు, సుమారు 4 లక్షల మంది ముస్లిములు ఈ మార్పిడి క్రింద లెక్కకు వచ్చారు.

ఎవడు గ్రీకువాడు, ఎవడు తుర్కువాడు అని తేల్చుటకు వాడిన కొలబద్ద ఏది? భాష కాదు, మతమే. కప్పదొకయ ప్రాంతములో కరమాన్లీలు అనే ఆర్థొడాక్సు క్రైస్తవులుండిరి. వారి ఇంటి భాష తుర్కీ. తుర్కీ భాషనే గ్రీకు అక్షరములతో వ్రాసికొని ప్రార్థన పుస్తకములు అచ్చువేసికొనేవారు. బాసిలు, గ్రెగొరీల స్వదేశీయులైన వీరు తమకు భాషయే రాని గ్రీసుకు పంపబడ్డారు. అట్లే గ్రీకు తప్ప మరేమియు రాని క్రీటు ముస్లిములు టర్కీకి పంపబడ్డారు. కొన్ని నెలలలో మతమును రాజ్యమునుండి వేరుచేయబోవు దేశము, తన పౌరులెవరో నిర్ణయించుటకు మొదట మతమునే అడిగింది. అతని లౌకిక రాజ్యములోని మూల వైరుధ్యము ఇదే.

5. ఖలీఫా పదవి రద్దు – హైదరాబాదు

1922 నవంబరు 1న సుల్తాను పదవి రద్దయింది. చివరి సుల్తాను ఆరవ మెహ్మెద్ బ్రిటీషు యుద్ధనౌకలో దేశము విడిచాడు. అతని దాయాది అబ్దుల్ మజీద్‌ను రాజ్యాధికారము లేని ఖలీఫాగా సభ ఎన్నుకొన్నది. 1923 అక్టోబరు 29న గణరాజ్యము ప్రకటింపబడి ముస్తఫా కెమాల్ మొదటి అధ్యక్షుడయ్యాడు.

భారతదేశములో 1919 నుండి ఖిలాఫత్ ఉద్యమము నడుస్తున్నది. అలీ సోదరులతో పాటు గాంధీజీ దానికి నాయకత్వము వహించాడు. హిందువులు, ముస్లిములు ఒకే వేదికపై నిలిచిన దినములవి. భారత ముస్లిములు చందాలు వేసి అంకారాకు డబ్బు పంపారు. అందులో ఒక భాగము తరువాత 1924లో స్థాపింపబడిన ఇష్ బ్యాంకునకు మూలధనమైనది. అనగా ఖలీఫాను కాపాడుటకు ఇక్కడివారు కూడబెట్టిన సొమ్ము ఖలీఫాను తొలగించిన గణరాజ్యపు బ్యాంకులో పెట్టుబడి అయినది. 1923 చివరలో ఆగాఖాన్, అమీర్ అలీ అనే ఇద్దరు భారతీయ ముస్లిము ప్రముఖులు ఖలీఫా గౌరవమును కాపాడవలెనని తుర్కు ప్రధానమంత్రి ఇస్మెత్ పాషాకు లేఖ వ్రాశారు. ఆ లేఖ ముందుగా ఇస్తాంబుల్ పత్రికలలో పడినది. పరదేశీయులు మా రాజ్యములో జోక్యము చేసికొనుచున్నారని కెమాల్ పక్షమువారు మండిపడ్డారు. మేలు కోరి వ్రాసిన లేఖ కీడునే త్వరపరచింది. 1924 మార్చి 3న సభ ఖలీఫా పదవిని రద్దుచేసింది. అబ్దుల్ మజీద్ కుటుంబముతో దేశమునుండి వెళ్లగొట్టబడ్డాడు.

ఫ్రాన్సులో బ్రతుకుతెరువు లేక ఉన్న ఆ మాజీ ఖలీఫాకు నిజాం నెలకు 300 పౌండ్ల భత్యము ఏర్పాటు చేశాడు. 1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్ పట్టణములో ఖలీఫా ఏకైక కుమార్తె దుర్రుషెహ్వార్‌కు నిజాం పెద్ద కుమారుడు ఆజం జాతోను, ఆ వంశపు మరొక కన్య నీలోఫర్‌కు రెండవ కుమారుడు మొఅజ్జం జాతోను వివాహములు జరిగాయి. మౌలానా షౌకత్ అలీ ఈ సంబంధమునకు మధ్యవర్తి. దుర్రుషెహ్వార్ కుమారుడు ముకర్రం జా 1933లో జన్మించాడు. ఇస్తాంబుల్‌లో 2023 జనవరిలో మరణించగా, దేహమును హైదరాబాదుకు తెచ్చి మక్కా మసీదులో సమాధి చేశారు. నీలోఫర్ సేవకురాలొకతె ప్రసవములో వైద్యము అందక చనిపోగా, ఆ దుఃఖమునుండి పుట్టినది నీలోఫర్ ఆసుపత్రి. దుర్రుషెహ్వార్ పేరున పాతబస్తీలో పిల్లల ఆసుపత్రి ఉన్నది. దేశము పోగొట్టుకొన్న ఇద్దరు స్త్రీల పేర్లు పరదేశపు పసిబిడ్డల వైద్యముతో ముడిపడి నిలిచాయి. ఇది చరిత్ర పుస్తకములలో చిన్న అక్షరములలో ఉండే సంగతి. కాపరి కన్ను మాత్రము దీనిమీద ఆగవలెను.

ఒక పోలిక కూడ చేయదగినది. ఖలీఫా పదవి రద్దయిన ఆ 1924లోనే, డిసెంబరు 25న, నిజాం రాజ్యములో మెదకు దేవాలయము ప్రతిష్ఠింపబడినది. ముస్లిము ప్రభువు ఏలుబడిలో దక్షిణ భారతములోని మహా దేవాలయములలో ఒకటి లేచింది. లౌకిక గణరాజ్యములో వేల దేవాలయములు విశ్వాసులు లేక మూతపడినవి. నిజాం పాలన ఆదర్శమని దీని భావము కాదు. జాగీర్లు, వెట్టిచాకిరి, ఎన్నికలు లేని ప్రభుత్వము, చివరి రోజుల రజాకార్ల దౌర్జన్యము మన పెద్దలు అనుభవించినవే. ఒక రాజ్యము పేరును బట్టి అక్కడి అల్పసంఖ్యాకుల స్థితిని ఊహింపరాదని మాత్రమే నా మనవి.

6. సంస్కరణలు – రెండు ముఖములు

ఖలీఫా రద్దు తరువాత మార్పులు వరుసగా వచ్చాయి. 1924లో మతపాఠశాలలు మూసి విద్య అంతయు ఒకే శాఖ క్రిందికి తెచ్చారు. 1925లో ఫెజ్ టోపీని నిషేధించారు, సూఫీ మఠములను మూసివేశారు. 1926లో స్విట్జర్లాండ్ చట్టమును అనుసరించిన పౌరస్మృతి బహుభార్యాత్వమును తొలగించి, విడాకులలోను వారసత్వములోను స్త్రీకి హక్కులిచ్చింది. 1928లో ఇస్లాము రాజ్యమతము అనే వాక్యము రాజ్యాంగమునుండి పోయింది. ఆ సంవత్సరమే అరబీ లిపి స్థానములో లాటిను లిపి వచ్చింది. 1934లో స్త్రీలకు జాతీయ ఎన్నికలలో ఓటు, పోటీచేయు హక్కు లభించాయి. 1927 లెక్కలలో నూటికి సుమారు పదిమందికే చదువు వచ్చిన దేశములో 1935 నాటికి ఆ సంఖ్య ఇరవైకి చేరింది. ఇవి చిన్న పనులు కావు. ముఖ్యముగా స్త్రీల విషయములో అతడు చేసినది కొనియాడదగినది.

రెండవ ముఖము కూడ చూడవలెను. 1925లో కుర్దుల తిరుగుబాటును కారణముగా చూపి ప్రత్యేక చట్టము తెచ్చి, పత్రికలను, ప్రతిపక్షమును మూయించాడు. ఆ ప్రతిపక్ష నాయకులు కాజిం కరబెకిర్, రవూఫ్, అలీ ఫువాద్ అతనితో కలిసి స్వాతంత్ర్య పోరాటము చేసిన పాత మిత్రులే. 1926లో తన హత్యకు జరిగిన కుట్ర విచారణలో అనేకులు ఉరితీయబడ్డారు. 1937 – 38లో దెర్సిం ప్రాంతములో సైన్యము వేలాది మందిని చంపింది. లిపి మార్పుతో అక్షరాస్యత పెరిగినది నిజమే. తాత సమాధిమీది అక్షరములను మనుమడు చదువలేకపోయినదియు నిజమే.

సంఘ దృష్టితో మూడు సంగతులు గమనించవలెను. ఒకటి, లిపి మారగా బైబిలును కూడ క్రొత్త లిపిలో సిద్ధము చేయవలసి వచ్చింది. పదిహేడవ శతాబ్దములో అలీ బే అనువదించగా 1827లో సంపూర్ణముగా అచ్చయిన తుర్కీ బైబిలు చరిత్రలో 1941 నాటి లాటిను లిపి బైబిలు క్రొత్త మలుపు. రెండు, 1934 చట్టము మతగురువులందరును ఆరాధన స్థలము వెలుపల గురువు దుస్తులు ధరింపరాదని చెప్పింది. ఒక్కొక్క మతమునకు ఒక్కొక్క పెద్దకే మినహాయింపు. మూడు, 1934 నవంబరులో హాగియా సోఫియాను ప్రదర్శనశాలగా మార్చుటకు ఆజ్ఞ వెలువడి, 1935 ఫిబ్రవరిలో అది తెరువబడింది. 2020 జూలైలో దానిని మరల మసీదుగా మార్చారు.

ఇక్కడ లౌకికత అనే మాటను జాగ్రత్తగా వాడవలెను. అతాతుర్క్ మతమును రాజ్యమునుండి విడదీయలేదు. రాజ్యము క్రిందికి తెచ్చాడు. 1924లో ఏర్పడిన మతవ్యవహారముల శాఖ ఇమాములకు జీతములిస్తుంది, వారిని నియమిస్తుంది. 1932 నుండి నమాజు పిలుపు అరబీలో గాక తుర్కీలో ఇవ్వవలెనని రాజ్యమే నిర్ణయించింది; 1950లో ప్రభుత్వము మారగానే అరబీ పిలుపు తిరిగి వచ్చింది. మతము మీద తాళము వేసినవాని చేతిలో తాళపుచెవి ఉంటుంది. తరువాత వచ్చినవాడు అదే చెవితో వేరొక తలుపు తెరువగలడు.

సైనికుని సూత్రము సంగతి కూడ అట్లే అయినది. సైన్యము రాజకీయములకు దూరముగా ఉండవలెనని చెప్పినవాని పేరు చెప్పి, అతని ఆశయములను కాపాడుటకని 1960, 1971, 1980 సంవత్సరములలో సైన్యము ప్రభుత్వములను దించివేసింది. 1938 నవంబరు 10న, 57 సంవత్సరముల ప్రాయములో, కాలేయ వ్యాధితో అతడు మరణించాడు. మరణము తరువాత అతడు మనిషిగా గాక చిహ్నముగా మిగిలాడు. చిహ్నమునకు నోరుండదు, ఎవరైనను దానిచేత తమ మాట పలికించవచ్చును.

7. ఏడు సంఘములను గూర్చి మన ప్రసంగములు

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్నకు వచ్చుచున్నాను. మన ఉజ్జీవ కూటములలో తరచుగా ఒక ప్రసంగము వినబడుతుంది. ఆసియలోని ఏడు సంఘములు ప్రభువు హెచ్చరికను లక్ష్యపెట్టలేదు, మారుమనస్సు పొందలేదు, అందుచేత వాటి దీపస్తంభములు తీసివేయబడి, నేడు అక్కడ శిథిలములే ఉన్నవి అని బోధకుడు చెప్పును. వినుటకు బలముగా ఉంటుంది. చరిత్రలో మాత్రము ఇది నిలువదు.

మొదటిది, ఏడింటిలో ప్రభువు ఏ తప్పును ఎత్తిచూపని సంఘములు రెండే: స్ముర్న, ఫిలదెల్ఫియ. ఈ రెండు పట్టణములలోను క్రైస్తవ సమాజములు 1922 వరకు నిలిచియున్నవి. అవి అంతమైనవి తమ దినములలో జరిగిన పాపమువలన అని చెప్పుటకు గ్రంథములో గాని చరిత్రలో గాని ఆధారము లేదు. రెండవది, వారి అంతమునకు కారణములు మనకు తెలిసినవే: సామ్రాజ్యముల పోరు, గ్రీసు దురాక్రమణ, ఇరుపక్షముల ప్రతీకారము, మతమును జాతికి గురుతుగా లెక్కించిన ఒడంబడిక. మూడవది, ఆ మాట చెప్పినప్పుడు మనము రేవుమీద నిలిచిన తల్లులను నేరస్థులుగా చేయుచున్నాము. యోబు స్నేహితులు చేసినది ఇదే గదా! సిలోయము గోపురము పడి చనిపోయినవారిని గూర్చి లూకా 13లో ప్రభువు ఈ విధమైన లెక్కను త్రోసివేశాడు.

ఏడు సంఘములకు వ్రాయబడిన మాట వినువారిని మారుమనస్సుకు పిలుచుటకే గాని, పద్దెనిమిది వందల సంవత్సరముల తరువాత ఇల్లు కాలినవారికి తీర్పు చెప్పుటకు కాదు. ఆ హెచ్చరికను బోధింపవలెను, తప్పక బోధింపవలెను. కాని అది మనకు, మన సంఘములకు చెప్పబడినదిగా బోధింపవలెను.

ఆ తరువాతి చరిత్రయు దీనినే చూపుచున్నది. లోసాన్ సంధిలో అల్పసంఖ్యాకులకు హక్కులు వ్రాయబడినవి. అయినను 1942లో విధింపబడిన ఆస్తిపన్ను క్రైస్తవులు, యూదులమీద బహు భారముగా పడి, చెల్లింపలేనివారిని కూలి శిబిరములకు పంపింది. 1955 సెప్టెంబరులో, సలోనికాలో అతాతుర్క్ పుట్టిన ఇంటిమీద బాంబు పడినదనే వార్త వ్యాపింపగా, ఇస్తాంబుల్‌లో మూకలు గ్రీకుల దుకాణములను, దేవాలయములను ధ్వంసము చేశాయి. 1844లో ప్రారంభమైన హల్కీ వేదాంత కళాశాల 1971లో మూతపడింది. కాపరులను తయారుచేయు పాఠశాల మూతపడుట ఒక సంఘమునకు ఎంత నష్టమో ఈ పత్రిక చదువువారికి వేరుగా చెప్పనక్కరలేదు. మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందు ఆ దేశ జనాభాలో ఇంచుమించు అయిదింట ఒక వంతు ఉన్న క్రైస్తవులు నేడు నూటికి అర శాతము కూడ లేరు.

ముగింపు

ముస్తఫా కెమాల్ జీవితమునుండి కాపరులమైన మనము గ్రహింపవలసినవి మూడు.

మొదటిది, ఏలికలను తూచునప్పుడు రెండు తట్టలు ఉండవలెను. దేశమును ముక్కలు కాకుండ కాపాడినవాడు, స్త్రీలకు హక్కులిచ్చినవాడు అతడే. పాత మిత్రుల నోరు మూయించినవాడును అతడే. రోమా 13వ అధ్యాయమును, ప్రకటన 13వ అధ్యాయమును ఒకే బైబిలులో ఉంచిన దేవుడు మనకు ఈ వివేచన నేర్పుచున్నాడు.

రెండవది, లౌకిక రాజ్యమనే పేరు మాత్రమే సంఘమునకు కాపుదల కాదు. పౌరుడెవడు అని తేల్చునప్పుడు మతమును అడుగని చట్టము, ఆ చట్టమును అందరికి ఒకే విధముగా అమలుచేయు న్యాయస్థానము, పొరుగువాని హక్కు కొరకు మాట్లాడు ప్రజలు – ఈ మూడును కావలెను. మన రాజ్యాంగము 25వ అధికరణములో మనస్సాక్షి స్వాతంత్ర్యమును ప్రతి వ్యక్తికిని ఇచ్చింది. దానిని మన కొరకే గాక, మన వీధిలోని ముస్లిము కుటుంబము కొరకు, కోవెలకు వెళ్లు పొరుగువాని కొరకు కూడ కోరుట మన సాక్ష్యములో భాగము.

మూడవది, కరీంనగరు, సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతముల సంఘములలో గల్ఫు దేశములకు పనికి వెళ్లిన కుటుంబములు లేని సంఘము అరుదు. ఆ సహోదరులు ఇస్లాము రాజ్యమతముగా ఉన్న దేశములలో పనిచేసి తిరిగి వచ్చుచున్నారు. ముస్లిము దేశములన్నీ ఒక్కటే అనే మాట వారి అనుభవమే కొట్టివేస్తుంది. టర్కీ ఒకటి, సౌదీ ఒకటి, నాటి హైదరాబాదు మరొకటి. ఒక్కొక్క దానిని దాని చరిత్రతో చదువవలెను.

వేదాంత విద్యార్థులకు ఒక మనవి. ఈ సంవత్సరము ప్రకటన గ్రంథము రెండు, మూడు అధ్యాయములమీద ప్రసంగము సిద్ధపరచునప్పుడు, పటములో స్ముర్న ప్రక్కన 1922 అనే సంవత్సరమును కూడ వ్రాసికొనండి. ఆ సంఖ్యను చూచిన బోధకుడు శిథిలములను గూర్చి అతిశయముగా మాట్లాడలేడు. అక్కడ జీవించి, ప్రార్థించి, వెళ్లగొట్టబడినవారిని ప్రేమతో జ్ఞాపకము చేసికొనగలడు.